బృందావన సమాజం నుంచి వనితా విహార్ దాకా: రచయిత్రుల సంఘజీవనం – రచనారూపం

యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' నవలలో కథానాయిక జయంతి రాజశేఖరం కార్యాలయంలో చేరకముందు 'వనితా విహార్' అనే స్త్రీల సంఘంలో పనిచేస్తుంది. అది హైదరాబాదు నగరంలోని సంపన్న గృహిణుల సంఘం. 1960ల మధ్యకాలంలో 'జ్యోతి' మాసపత్రికలో ధారావాహికగా వచ్చిన ఈ నవల తెలుగు పాఠకురాలి ఊహలో చెరగని ముద్ర వేసిందని అందరూ అంగీకరిస్తారు. ఆ ముద్రను గురించి మాట్లాడేవారు రాజశేఖరం పాత్రనే తలుచుకుంటారు గాని, నవలారంభంలో కనిపించే స్త్రీల సంఘాన్ని తలుచుకోరు. ఆ సంఘం ఏం పని చేస్తుందన్నది నవలకు ముఖ్యం కాదు. అక్కడ చేరిన స్త్రీలు ఏం మాట్లాడుకుంటారన్నదే ముఖ్యం. ఆ మాటలు ఎక్కువగా ఒక ధనికుడైన యువకుని చుట్టూ తిరుగుతాయి. 1976లో కె. ఎస్. ప్రకాశరావు దర్శకత్వంలో, డి. రామానాయుడు నిర్మాణంలో ఈ నవల సినిమాగా వచ్చింది. వనితా విహార్ అప్పటినుంచి చదువరులనే కాక ప్రేక్షకులను కూడా చేరింది.

చిత్రపరిశ్రమ మద్రాసు నుంచి తరలివచ్చి జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాల్లో స్థిరపడిన తరువాత కూడా తెలుగు తెర ఈ బొమ్మను వదులుకోలేదు. పట్టుచీర, చేతిసంచి, మైకు ముందు తడబడే ఉపన్యాసం, ఇంట్లో పస్తున్న భర్త – 'మహిళా మండలి అధ్యక్షురాలు' అనగానే హాస్యపాత్రకు కావలసిన సరంజామా అంతా సిద్ధం. రచయిత్రి పాత్రకు పట్టిన గతీ అదే. జంధ్యాల 'చంటబ్బాయ్' (1986)లో శ్రీలక్ష్మి ధరించిన కవయిత్రి పత్రికాసంపాదకుణ్ణి తన కవిత్వంతో హింసిస్తుంది. ప్రేక్షకుడు కడుపుబ్బ నవ్వుతాడు. నవ్వడంలో తప్పేమీ లేదు, ఆ సన్నివేశం నిజంగానే నవ్విస్తుంది. అయితే రాసే స్త్రీ, సంఘం పెట్టుకున్న స్త్రీ – ఈ ఇద్దరూ తెలుగు జనరంజక కళలో నవ్వులపాలయ్యే నాటికి, ఆ ఇద్దరూ ఒకే వ్యక్తిగా ఉన్న చరిత్ర ఒకటి మరుగున పడిపోయిందన్నది గమనించవలసిన విషయం.

ఆ చరిత్రను కేవలం సంఘసంస్కరణ చరిత్రగా చదివితే చాలదు. తెలుగులో స్త్రీల సమాజాలు రచనకు శ్రోతలను ఇచ్చాయి, పత్రికను ఇచ్చాయి, అంతకంటే ముఖ్యంగా రూపాన్ని ఇచ్చాయి. అదే సమయంలో రచయిత్రి నుంచి ఆమె కాలాన్ని, కొన్ని సందర్భాల్లో ఆమె ప్రాణాన్ని కూడా తీసుకున్నాయి. సాహిత్యవిమర్శ ఈ రెండింటిలో దేన్నీ లెక్కలోకి తీసుకోలేదు. రచనను ఒకవైపు, 'సేవాకార్యక్రమాలు' అన్న శీర్షిక కింద మిగిలిన జీవితాన్ని మరొకవైపు పెట్టి, రెండో దాన్ని జీవితచరిత్ర చివరి పేరాకు పరిమితం చేసింది. ఆ విభజన ఎంతవరకు నిలుస్తుందన్నదే ఇక్కడి పరిశీలన.

బృందావనం

భండారు అచ్చమాంబ (1874–1905) పేరు ఇప్పుడు ప్రధానంగా ఒక వివాదంలో వినబడుతుంది. తెలుగులో తొలి కథ ఏది? గురజాడ 'దిద్దుబాటు' (1910) అన్న అభిప్రాయం చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో రాజ్యమేలింది. అంతకు ఎనిమిదేళ్ళ ముందే, 1902లో, 'హిందూసుందరి' పత్రికలో అచ్చమాంబ 'స్త్రీవిద్య', 'ధనత్రయోదశి' కథలు అచ్చయ్యాయని పరిశోధకులు చూపారు. సంగిశెట్టి శ్రీనివాస్ ఆమె కథలను సేకరించి సంపుటిగా తేవడంతో వాదనకు ఆధారం దొరికింది. ఈ వివాదం చేసిన మేలు చిన్నది కాదు, అది లేకపోతే ఆ కథలు ఈనాటికీ పాత సంచికల్లోనే ఉండేవి. కాని 'తొలి' అన్న పందెంలో దిగిన తరువాత కథ ఒంటరి వస్తువైపోయింది. తేదీ, పేజీ, నిర్వచనం – వీటి చుట్టూ చర్చ తిరిగింది. ఆ కథ ఎవరికోసం రాశారు, ఎవరు చదివారు, ఎక్కడ చదివారు అన్న ప్రశ్నలు వెనకబడ్డాయి.

1902వ సంవత్సరాన్నే మరొక విధంగా చూడవచ్చు. ఆ ఏడాది ఏలూరు నుంచి సత్తిరాజు సీతారామయ్య 'హిందూసుందరి'ని ప్రారంభించారు. పత్రికకు మొసలికంటి రమాబాయమ్మ, వెంపలి శాంతాబాయమ్మ సంపాదకులు. స్త్రీలకోసం పురుషులు నడిపిన 'సతీహితబోధిని' వంటి పత్రికలు అంతకు ముందే వచ్చాయి. స్త్రీలే సంపాదకులుగా నిలబడడం కొత్త. అదే ఏడాది అచ్చమాంబ, ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజాన్ని స్థాపించారు. అదే ఏడాది పై రెండు కథలూ వెలువడ్డాయి. పత్రిక, సమాజం, కథ – మూడూ ఒక్క సంవత్సరంలో రావడాన్ని యాదృచ్ఛికమని కొట్టిపారేయడం కష్టం. మరుసటి ఏడాది ఆమె ఆంధ్రదేశంలో పర్యటించి మరికొన్ని పట్టణాల్లో సమాజాల స్థాపనకు తోడ్పడ్డారు. కాపురం మధ్యపరగణాల్లో, రచన తెలుగులో, సమాజం బందరులో. ఇన్ని దూరాల మధ్య ఆమె పనిని కలిపి నిలిపింది అచ్చుకాగితమే.

అప్పటి అక్షరాస్యత స్థితిని గుర్తుంచుకోవాలి. 1901 జనాభా లెక్కల నాటికి మద్రాసు రాజధానిలో స్త్రీలలో నూటికి ఒక్కరు కూడా అక్షరాస్యులు కారు. అలాంటి చోట 'పాఠకురాలు' అన్న మాటకు అర్థం మారుతుంది. చదవగలిగిన ఒకామె చుట్టూ వినగలిగిన పదిమంది ఉంటేనే స్త్రీల పత్రికకు బతుకు. సమాజం అంటే ముందుగా ఆ పదిమంది కూర్చునే చోటు. అచ్చమాంబ స్వయంగా బడికి వెళ్ళినవారు కారు. చిన్నతనంలోనే పెళ్ళయి, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువు పక్కన కూర్చొని తెలుగు, హిందీ నేర్చుకున్నారు. వినడం నుంచి చదవడానికి, చదవడం నుంచి రాయడానికి వచ్చిన మనిషి ఆమె. ఆ క్రమం ఆమె కథల నిర్మాణంలో కనిపిస్తుంది.

'స్త్రీవిద్య' కథ దంపతుల సంభాషణగా నడుస్తుంది. చదువు అక్కరలేదనుకునే భార్యకు భర్త చదువు ప్రయోజనం చెబుతాడు. దూరంగా ఉన్నప్పుడు ఉత్తరం రాయడానికీ, వచ్చిన ఉత్తరాన్ని ఇంకొకరి చేత చదివించుకోకుండా ఉండడానికీ అక్షరం కావాలన్న ప్రత్యక్షమైన అవసరం దాని వెనుక ఉంది. ఆధునిక కథానికా లక్షణాలతో కొలిచేవారికి ఇది కథ కంటే సంవాదంలా కనిపిస్తుంది. వాతావరణచిత్రణ లేదు, పాత్ర అంతరంగం లేదు, ఉన్నదంతా మాటే. ఆ కొలతతో చూస్తే ఆక్షేపణ సరైనదే. అయితే ఈ రచనను ఒకరు చదవగా ఇతరులు వినే సన్నివేశంలో ఉంచి చూస్తే, సంభాషణ తప్ప మరో రూపం అక్కడ ఇంత సులభంగా పనిచేయదని తెలుస్తుంది. వినేవారికి తమ ఇంట్లో జరిగే వాదనే వినిపిస్తుంది, వాదనకు కావలసిన సమాధానాలు కూడా దొరుకుతాయి.

'ధనత్రయోదశి' దీనికంటే పైమెట్టున ఉన్న రచన. బొంబాయిలో ఒక వర్తకుని దగ్గర చిన్న జీతానికి పనిచేసే భర్త, దీపావళి ముందరి ధనత్రయోదశి నాడు, ఇంటి పేదరికానికి తాళలేక యజమాని సొమ్ముకు ఆశపడతాడు. భార్య విజయలక్ష్మి ఆ సొమ్మును స్వీకరించదు. లక్ష్మీపూజ చేసే రోజున లక్ష్మి ఏ దారిన ఇంటికి రావాలన్నది ఆమె వాదన. కథలో నేరం క్షణంలో జరిగిపోతుంది. రచయిత్రి శ్రద్ధ అంతా ఆ తరువాత భార్య మాట్లాడే తీరు మీద ఉంది. విజయలక్ష్మి ఏడ్చి సాధించదు, అలిగి సాధించదు. ఒక మెట్టు తరువాత ఒక మెట్టుగా కారణాలు చెప్పి ఒప్పిస్తుంది. నీతి బోధించే కథ కనుక పాతబడిందని దీన్ని పక్కన పెట్టడం తొందరపాటు. భర్త తప్పును భార్య సహేతుకంగా ఖండించి, అతడు వినే సన్నివేశం 1902 నాటి స్త్రీల సమాజంలో ఎలా వినిపించి ఉంటుందో ఊహించవలసి ఉంది. దిద్దుబాటు ఇక్కడ కూడా ఉంది. దిద్దేది ఎవరన్నది గురజాడ కథతో పోల్చదగిన అంశం. అక్కడ కమలిని వ్యూహం పన్ని తెరవెనుక ఉంటుంది, ఇక్కడ విజయలక్ష్మి ఎదురుగా నిలబడి మాట్లాడుతుంది.

ఈ మాట్లాడే హక్కు ఎక్కడి నుంచి వచ్చిందన్నది మాత్రం చిక్కు ప్రశ్న. విజయలక్ష్మికి అధికారం ఇచ్చేది పాతివ్రత్యమే. భర్త ధర్మాన్ని కాపాడడం భార్య ధర్మం గనుక ఆమె మాట్లాడగలుగుతోంది. ఈ పరిమితిని దాచిపెట్టి ఆమెను నేటి స్త్రీవాదిగా నిలబెట్టడం అచ్చమాంబకు చేసే మేలు కాదు. తొలి స్త్రీల సమాజాలు అన్నీ ఒకే దారిన నడిచినవి కూడా కావు. కాకినాడ నుంచి 'సావిత్రి' పత్రిక నడిపిన పులుగుర్త లక్ష్మీనరసమాంబ స్త్రీవిద్యను గట్టిగా సమర్థిస్తూనే వితంతు వివాహాల విషయంలో వీరేశలింగాన్ని వ్యతిరేకించారు. సమాజం పెట్టుకున్నంత మాత్రాన అభిప్రాయం ఒకటి కాలేదు. అభిప్రాయభేదం చెప్పుకోవడానికి చోటు దొరికింది. పురుషసంస్కర్తతో ఒక స్త్రీ బహిరంగంగా విభేదించడం, ఆ విభేదం ఎంత ఛాందసమైనదైనా, సాహిత్యచరిత్రలో నమోదు కావలసిన సంఘటనే.

'అబలా సచ్చరిత్ర రత్నమాల' సంగతి ఇంకా లోతైనది. మొదట 'చింతామణి'లో వెలువడి, 1901లో పుస్తకరూపం పొందిన ఈ గ్రంథంలో సుమారు వెయ్యేళ్ళ భారతచరిత్రలోని స్త్రీల జీవితాలు ఉన్నాయి. స్త్రీలు సహజంగా అబలలనీ, వారికి బుద్ధి తక్కువనీ, విద్యాస్వాతంత్ర్యాలు వారిని చెడగొడతాయనీ అనే వారికి సమాధానం చెప్పడం తన ఉద్దేశమని ఆమె పీఠికలోనే ప్రకటించారు. మూడు భాగాల ప్రణాళిక వేసుకున్నారు – చారిత్రక స్త్రీలు, వైదిక పౌరాణిక స్త్రీలు, విదేశీయ స్త్రీలు. పూర్తిగా వెలువడింది మొదటి భాగమే.

మిగిలినవి ఎందుకు పూర్తికాలేదన్న ప్రశ్నకు సమాధానం తెలిసిందే. 1905 జనవరిలో, బిలాస్‌పూర్‌లో, ప్లేగు సోకిన వారికి సేవ చేస్తూ ఆమె మరణించారు. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్ళు. జీవితచరిత్రకారులు ఈ మరణాన్ని త్యాగమని కీర్తిస్తారు. అది త్యాగమే, సందేహం లేదు. సాహిత్యచరిత్ర వైపు నుంచి చూస్తే మాత్రం అది ఒక మహాగ్రంథం మధ్యలో ఆగిపోవడం కూడా. సేవ రచనకు ప్రేరణ అన్న వాక్యం వ్యాసాల్లో తరచు కనిపిస్తుంది. ఆ వాక్యం సగమే నిజం. అచ్చమాంబ విషయంలో సేవ రచనకు శ్రోతలను సమకూర్చింది, చివరికి రచయిత్రినే తీసుకుపోయింది. ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన రాయగలిగినప్పుడే ఆమెను గురించిన విమర్శ మొదలవుతుంది.

లేఖ ఒక సభ

తరువాతి తరంలో కనుపర్తి వరలక్ష్మమ్మ (1896–1978) ఇదే చిక్కును మరో రూపంతో ఎదుర్కొన్నారు. బాపట్లలో స్త్రీ హితైషిణీ మండలిని స్థాపించి నడిపిన ఆమె, మద్రాసులో డాక్టర్ కె. ఎన్. కేసరి 1928లో ప్రారంభించిన 'గృహలక్ష్మి' మాసపత్రికలో 'శారద లేఖలు' రాశారు. 'లోధ్ర' మందు అమ్మకాల మీద నిలబడ్డ ఆ పత్రిక తెలుగు రచయిత్రులకు ఇచ్చిన చోటు ఎంత పెద్దదో వేరే చెప్పనక్కరలేదు. ఆ పత్రిక పేరుతో ఏర్పడిన స్వర్ణకంకణాన్ని 1934లో మొదటిసారి అందుకున్నది వరలక్ష్మమ్మే.

శారద అనే స్త్రీ తన స్నేహితురాలు కల్పలతకు రాసే ఉత్తరాలు ఇవి. బాల్యవివాహ నిషేధం, ఖద్దరు, స్త్రీల హక్కులు, ఇంటి ఖర్చు, పండుగ పిండివంటలు అన్నీ ఒకే ఉత్తరాల వరుసలో కలిసి నడుస్తాయి. 1929లో హరబిలాస్ శారదా పేరుమీద వచ్చిన చట్టాన్ని తెలుగువారు శారదా చట్టమన్నారు. శారద అనే కల్పితస్త్రీ అదే చట్టాన్ని స్నేహితురాలికి వివరించడం చదువుతుంటే, పేరు కలిసిన ఆ వింతకు నాటి పాఠకురాలు నవ్వుకొని ఉంటుంది.

లేఖారూపాన్ని విమర్శకులు ఆంగ్ల వ్యాససంప్రదాయానికో, సంస్కృత సందేశకావ్యాలకో ముడిపెట్టి చూడడం అలవాటు. పానుగంటి లక్ష్మీనరసింహారావు 'సాక్షి' వ్యాసాలకు 'స్పెక్టేటర్' ఆదర్శమన్నది సుప్రసిద్ధం. అక్కడ ఒక 'సాక్షి సంఘం' ఉంటుంది, జంఘాలశాస్త్రి ఉపన్యసిస్తాడు, సభ్యులు వింటారు. ఆ సంఘం కల్పితం. విచిత్రమేమంటే తెలుగు వచనంలో పురుషుడు కల్పించుకున్న సంఘం పాఠ్యాంశమైంది, స్త్రీలు నిజంగా స్థాపించిన సంఘాలు పాదసూచికలయ్యాయి. 'శారద లేఖలు' చదివేటప్పుడు సాక్షిని పక్కన పెట్టుకోవడం ఉపయోగకరమే, అయితే తేడా చూడడానికి. జంఘాలశాస్త్రికి ఎదురుగా సభ ఉంది గనుక గొంతు పెంచుతాడు. శారద ఎదుట ఉన్నది ఒక్క కల్పలత. ఆమె ఇల్లు దాటి సభకు రాలేదు. అందుకే సభే ఉత్తరమై ఆమె ఇంటికి వెళుతుంది. మండలిలో నోటితో చెప్పే మాటకూ, పత్రికలో శారద రాసే మాటకూ మధ్య వాక్యనిర్మాణంలో దగ్గరితనం ఉంది. ప్రశ్న వేసి తానే జవాబివ్వడం, ఎదుటివారి సందేహాన్ని ముందే ఊహించి ప్రస్తావించడం, మధ్యలో ఇంటి విషయం చెప్పి మళ్ళీ చట్టానికి రావడం – ఇవి సభలో మాట్లాడి అలవాటైన గొంతు లక్షణాలు.

ఈ సభకు రాని వారెవరన్న ప్రశ్న కూడా వేయాలి. శారద, కల్పలత ఇద్దరూ సమానస్థాయి కుటుంబాలవారు. వారి ఇళ్ళలో పనిచేసే స్త్రీ ఉత్తరంలో విషయంగా రావచ్చు గాని ఉత్తరం అందుకోదు. తొలి సమాజాల సభ్యత్వం అగ్రవర్ణ, ఆస్తిగల కుటుంబాల్లోనే ఎక్కువగా ఉండడం వల్ల 'సేవ' అన్న మాటలో ఇచ్చేవారు ఎవరో, పుచ్చుకునేవారు ఎవరో ముందే నిర్ణయమైపోయింది. 1930లలో రాసిన దళిత రచయిత్రి తాడి నాగమ్మ రచనలు సాహిత్యచరిత్రకు ఎంత ఆలస్యంగా అందాయో తెలిసిందే. సమాజాలు రచయిత్రిని తయారుచేసిన మాట నిజమైతే, సమాజం తలుపు తెరుచుకోనివారి రచన ఏమైందన్నది కూడా ఆ నిజంలో భాగమే.

తెలుగే సేవ అయిన చోట

నిజాం రాష్ట్రంలో పరిస్థితి వేరు. పరిపాలనాభాష, బోధనాభాష ఉర్దూ అయిన చోట, సభ జరపాలంటే ముందస్తు అనుమతి అవసరమైన చోట, ఒక ఆడపిల్లకు తెలుగు చదవడం నేర్పడమే సేవ, అదే సాహిత్యకార్యం, అదే రాజకీయం. 1928లో హైదరాబాదులో మాడపాటి హనుమంతరావు తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల నెలకొల్పడం వెనుక ఉన్న తపన ఇదే. 1930లో జోగిపేటలో ఆంధ్రమహాసభ తొలి సమావేశం జరిగినప్పుడు దానికి తోడుగా స్త్రీల సభ జరిగింది. నడింపల్లి సుందరమ్మ దానికి అధ్యక్షత వహించారు. 1934లో ఖమ్మంలో ఎల్లాప్రగడ సీతాకుమారి, 1935లో సిరిసిల్లలో మాడపాటి మాణిక్యమ్మ, 1937లో నిజామాబాదులో నందగిరి ఇందిరాదేవి అధ్యక్షులు. 1930ల మధ్యలో నగరంలో ఆంధ్ర యువతీ మండలి రూపుదిద్దుకుంది. ఎల్లాప్రగడ సీతాకుమారి, ఇల్లిందల సరస్వతీదేవి వంటి రచయిత్రులు దానికి ఊపిరిగా నిలిచారు.

ఈ పేర్లలో సీతాకుమారి, ఇందిరాదేవి, సరస్వతీదేవి ముగ్గురూ రచయిత్రులు. సభాధ్యక్షురాలు కథారచయిత్రి కావడం ఇక్కడ మినహాయింపు కాదు, సాధారణం. అయినా అధ్యక్షోపన్యాసాన్ని సాహిత్యప్రక్రియగా చదివే అలవాటు తెలుగు విమర్శకు లేదు. వాటిని ఉద్యమచరిత్రకారులు తీర్మానాలకోసం వెతుకుతారు, సాహిత్యకారులు వాటి జోలికే పోరు. బాల్యవివాహాలు, పరదా, విద్య – ఇవి ఉపన్యాసంలో ఏ క్రమంలో వస్తాయి, ఎవరిని సంబోధిస్తాయి, తెలంగాణ నుడికారం గ్రాంథిక వాక్యంలోకి ఎక్కడ చొచ్చుకువస్తుంది అన్నవి పరిశోధనకు ఎదురుచూస్తున్న అంశాలు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవుల రచనలతో 1934లో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చారు. అందులో కవయిత్రులూ ఉన్నారు. అలాంటి సంచిక ఒకటి స్త్రీల ఉపన్యాసాలకు రావలసి ఉండింది.

ఇల్లిందల సరస్వతీదేవికి 1982లో 'స్వర్ణకమలాలు' కథాసంపుటికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆమె పరిచయాల్లో పురస్కారం మొదటి వాక్యంలో, యువతీ మండలి చివరి వాక్యంలో ఉంటాయి. కాలక్రమం దీనికి తలకిందులు.

గ్రాంటు, నివేదిక, రాయి

దుర్గాబాయి దేశ్‌ముఖ్ (1909–1981) స్థాపించిన ఆంధ్ర మహిళా సభ ఈ చరిత్రలో అతిపెద్ద సంస్థ. 1937 ప్రాంతంలో మద్రాసు మైలాపూరులో అది 'లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్' అన్న పేరుతో చిన్నపిల్లల సంఘంగా మొదలైంది. బందరు సమాజానికీ దీనికీ సంబంధం లేకపోయినా 'బృందావనం' అన్న మాట రెండు చోట్లా ఉండడం ముచ్చటగొలుపుతుంది. కాకినాడలో చిన్నవయసులోనే తోటి ఆడపిల్లలకు హిందీ నేర్పిన దుర్గాబాయి, చదువు మధ్యలో ఆగిపోయిన వయోజన స్త్రీలను కాశీ హిందూ విశ్వవిద్యాలయ మెట్రిక్యులేషన్ పరీక్షకు సిద్ధం చేయడం ప్రధానంగా పెట్టుకున్నారు. సభ తరఫున 'ఆంధ్ర మహిళ' పత్రిక నడిచింది. తరువాత ఆసుపత్రి, నర్సుల శిక్షణ, కళాశాలలు ఏర్పడ్డాయి. హైదరాబాదుకు కూడా సభ విస్తరించింది.

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడినప్పుడు దుర్గాబాయే దానికి తొలి అధ్యక్షురాలు. సభలో తాను పరీక్షించి చూసిన పద్ధతిని – వయోజన స్త్రీకి కుదించిన కాలంలో చదువు – ఆమె దేశవ్యాప్త పథకంగా మార్చారు. లక్షలాది స్త్రీల జీవితాలను తాకిన పని అది. దాని విలువను తక్కువ చేయడం ఎవరి తరమూ కాదు. అయితే ఇక్కడే మహిళా మండలి స్వభావం మారింది. స్వచ్ఛంద సమాజం ప్రభుత్వగ్రాంటుకు అర్హత గల సంస్థ అయింది. గ్రాంటుకు దరఖాస్తు కావాలి, దరఖాస్తుకు నివేదిక కావాలి, నివేదికలో కుట్టుమిషన్ల సంఖ్య, శిక్షణ పొందిన వారి సంఖ్య కావాలి. చదివి వినిపించిన కథకు అందులో గడి లేదు. సాహిత్యం మండలి నుంచి మెల్లగా పక్కకు జరిగి వారపత్రికకు, నవలకు వెళ్ళిపోయింది. సేవ అక్కడే ఉండిపోయింది. 1960ల నాటి నవలారచయిత్రుల వెల్లువను గురించి ఎన్నో వ్యాసాలు వచ్చాయి గాని, ఆ వెల్లువలోని రచయిత్రికి మండలి స్థానంలో పత్రికాసంపాదకుడు వచ్చాడన్న మార్పును అవి పట్టించుకున్నట్టు కనిపించదు. శ్రోతల వలయం ఉన్న రచయిత్రి వేరు, సర్క్యులేషన్ ఉన్న రచయిత్రి వేరు.

దుర్గాబాయి తన సంస్థ చరిత్రను తానే 'ది స్టోన్ దట్ స్పీకెత్' పేరుతో రెండు సంపుటాలుగా ఇంగ్లీషులో రాశారు. మాట్లాడే రాయి అన్నది ఆ పేరు. పేరులోనే పెద్ద సంగతి ఉంది. అచ్చమాంబ సమాజానికి ఈనాడు భవనం లేదు, పుస్తకం ఉంది. దుర్గాబాయి సభకు భవనాలున్నాయి, వాటి చేత మాట్లాడించవలసి వచ్చింది. భూమి సంపాదించడం, శంకుస్థాపన, విరాళాలు – సంస్థానిర్మాణానికి సంబంధించిన ఈ కథనం తెలుగు శాఖల పఠనపట్టికల్లో ఎక్కడా ఇమడదు. భాష ఇంగ్లీషు, ప్రక్రియ ఆత్మకథ కాదు, నివేదికా కాదు. సంస్థే కథానాయిక అయిన రచన అది. తన గురించి చెప్పుకోవలసిన చోట కూడా సభ గురించి చెప్పే రచయిత్రి గొంతు అందులో వినబడుతుంది. సేవ రచన కాలాన్ని తీసుకుంటుందన్న మాటకు ఇది అచ్చమాంబ కంటే భిన్నమైన ఉదాహరణ. ఇక్కడ రచయిత్రి బతికే ఉన్నారు, రాశారు కూడా. కాని ఆమె వాక్యం సంస్థ పేరుమీదికి బదిలీ అయింది.

మళ్ళీ వనితా విహార్

ఈ నేపథ్యంలో 'సెక్రటరీ'లోని వనితా విహార్‌ను తిరిగి చూస్తే, సులోచనారాణి స్త్రీల సంఘాన్ని వెక్కిరించారనడం పూర్తి న్యాయం కాదు. సాహిత్యం వెళ్ళిపోయి, అసలైన సేవ సంస్థలకు మారిపోయిన తరువాత, సంపన్న నగరస్త్రీల చేతిలో మిగిలిన ఖాళీ ఆవరణను ఆమె చూశారు. ఆ ఆవరణలో జీతం తీసుకొని పనిచేసే ఒకే ఒక్క మధ్యతరగతి స్త్రీ జయంతి. సభ్యులు మాట్లాడుకుంటారు, ఆమె పనిచేస్తుంది. స్వచ్ఛందసేవ వెనుక ఒక జీతగత్తె ఉందన్న సంగతిని, అచ్చమాంబ, వరలక్ష్మమ్మల రచనల్లో కనిపించని సంగతిని, ఒక జనరంజక నవల అలవోకగా నమోదు చేసింది. దీన్ని గుర్తించకపోవడానికి కారణం ప్రేమకథను చూసే కళ్ళతోనే నవలను చదవడం. సినిమా ఆ కళ్ళను మరింత స్థిరపరిచింది. తెరమీద సంఘం నేపథ్యదృశ్యమైంది, తరువాతి చిత్రాల్లో అది హాస్యసన్నివేశమైంది.

నగరంలో 1970ల చివర్లో మొదలైన స్త్రీశక్తి సంఘటన ఈ ఖాళీని వేరే విధంగా పూరించింది. తెలంగాణ సాయుధపోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలను సేకరించి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. ఆ పుస్తకానికి రచయిత పేరు సంఘానిదే. ఒకరు చెప్పగా పలువురు విన్నారు, విన్నది అచ్చయింది. మచిలీపట్నంలో ఒకరు చదివితే పలువురు వినడానికి కూడిన సమాజానికి ఇది తలకిందులైన రూపం. నిరక్షరాస్యురాలైన పోరాటకారిణి ఇక్కడ శ్రోత కాదు, వక్త. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' గ్రంథస్థ ఆధారాల నుంచి స్త్రీల చరిత్రను కూర్చితే, ఇది నోటిమాట నుంచి కూర్చింది. రెండింటినీ ఒకే ప్రక్రియాచరిత్రలో పెట్టి చదివే పని మిగిలే ఉంది.

1993లో హైదరాబాదు నుంచి వెలువడడం మొదలుపెట్టిన 'భూమిక' స్త్రీవాద పత్రిక కథలు, కవితలు, వ్యాసాలు ప్రచురిస్తూనే 2006లో ఆపదలో ఉన్న స్త్రీలకోసం ఫోను ద్వారా సలహా ఇచ్చే హెల్ప్‌లైన్‌ను ప్రారంభించింది. పత్రిక కార్యాలయం, ఫోను మోగే బల్ల ఒకే సంస్థలో ఉండడం తెలుగు సాహిత్యపత్రికల చరిత్రలో అరుదు, స్త్రీల సమాజాల చరిత్రలో మాత్రం పాత సంగతే. ఆ పత్రికను నడిపే కథారచయిత్రి కొండవీటి సత్యవతి భండారు అచ్చమాంబ జీవితచరిత్రను రాశారు. రెండు, మూడు భాగాలు రాకుండా ఆగిపోయిన సచ్చరిత్రల రచయిత్రికి 'సచ్చరిత్ర' అన్న మాటనే పేరులో నిలుపుకొని వెలువడిన పుస్తకం అది.